సవరణకు నోచుకోని గృహస్థు

దేశంలో వేరే సమస్యలు లేవని నేననను. ధరలున్నాయి, నిరుద్యోగం ఉంది, కృష్ణా జలాల పంపకం ఉంది. వాటి సంగతి మాట్లాడడానికి పెద్దలున్నారు, టీవీ చానళ్లున్నాయి, రాత్రి తొమ్మిదింటి దాకా అలుపెరగని గొంతులున్నాయి. నేను ఎత్తబోయే సమస్య మీద మాత్రం ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశం జరగలేదు, ఒక్క శ్వేతపత్రం వెలువడలేదు, ఒక్క నాయకుడూ పాదయాత్ర చేయలేదు. మా అపార్ట్‌మెంట్ యాప్‌లో నా ఫోన్ నంబరు మారడం లేదు.

నవ్వకండి. మీ యాప్ వేరు కావచ్చు, మీ నంబరు వేరు కావచ్చు, ఎర్రక్షరాలు మాత్రం మీరూ చూసే ఉంటారు. మనం ఒకే జైల్లో వేర్వేరు గదుల్లో ఉన్నాం, అంతే.

మా గేటు దగ్గర వాచ్‌మన్ ఇదివరకు మనిషి మొహం చూసి లోపలికి పంపేవాడు. ఇప్పుడు యాప్ మొహం చూసి పంపుతున్నాడు. ఎవరొచ్చినా ఫ్లాట్ నంబరు కొడతాడు, యజమాని ఫోన్ మోగుతుంది, ఆయన ‘రానివ్వు’ అని నొక్కితే గేటు తీస్తాడు. ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే అందులో నా పేరు పక్కనున్నది ఆఫీసువాళ్లిచ్చిన నంబరు. రిటైరయిన రోజున వాళ్లు నాకు శాలువా కప్పారు, నేను వాళ్లకి సిమ్ము అప్పగించాను. ఆ సిమ్ము ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి జేబులో ఉంది. అంచేత మా ఇంటికి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో, కొరియర్ పైకి ఎక్కుతుందో లేదో, గ్యాస్ బండ దిగుతుందో వెనక్కి పోతుందో, ఆయన ఫైళ్ల మధ్య కూర్చుని నిర్ణయిస్తున్నాడు. నా గడప మీద సార్వభౌమాధికారం పరాయి చేతుల్లోకి పోయింది. మొన్న మా బావమరిదిని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశాడు. ఆ ఒక్క విషయంలో ఆయన విచక్షణని నేను తప్పుపట్టను.

సరే, నంబరు మార్చుకుందామని ‘ప్రొఫైల్ సవరించు’ నొక్కాను. నేను మార్చదలచుకున్నది పది అంకెలు. తెరమీదకి వచ్చింది మాత్రం మొట్టమొదట పేరు నమోదు చేసుకున్నప్పుడు నింపిన దరఖాస్తే, ఆసాంతం. పేరు, తండ్రి పేరు, ఈమెయిల్, పాస్‌వర్డ్, ఆ పాస్‌వర్డే ఇంకోసారి, ఫోటో, ఫ్లాట్‌లో దిగే తేదీ, బండి నంబరు, పెంపుడు జంతువుల వివరం. పెళ్లయి ముప్పై ఏళ్లయినవాణ్ని మళ్లీ పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టుంది. అయినా సహనం వహించి, ఆ పది అంకెలూ మార్చి, ‘సేవ్’ నొక్కాను. తెరంతా ఎర్రబడింది. నా మొహం తర్వాత.

మొదటి అభియోగం ఈమెయిల్ మీద. ‘ఈ ఈమెయిల్‌ను ఇప్పటికే వేరొకరు వాడుతున్నారు.’ ఎవడా వేరొకడు? నా పెట్టెలో దూరిన ఆ దుర్మార్గుడెవడు? ఆరా తీస్తే తేలిందేమిటయ్యా అంటే, నేనే. శంకరాచార్యులవారు రెండు లేవు, ఉన్నది ఒక్కటే అని కన్యాకుమారి నుంచి కాశ్మీరం దాకా నడిచి మరీ చెప్పి వెళ్లారు. మా యాప్‌కి ఆ వార్త ఇంకా చేరలేదు.

మా మేనల్లుడొకడు బెంగుళూరులో కూర్చుని ఇలాంటి ఫారాలే రాసి జీతం తీసుకుంటాడు. వాడికి ఫోన్ చేశాను. “అది చాలా మామూలు పొరపాటు మావయ్యా,” అన్నాడు, డాక్టర్లు మన గుండెనొప్పిని గ్యాస్ అన్నంత తేలిగ్గా. “కొత్తగా చేరేవాడు ఈమెయిల్ ఇస్తే, అది టేబుల్లో ఎక్కడైనా ఉందా అని వెతకాలి. ఉంటే వద్దనాలి. అది న్యాయమే. పాతవాడు సవరణకొచ్చినప్పుడు కూడా మీవాళ్లు అదే వెతుకులాట పెట్టారు. మీ వరుస అందులో ఉందిగా మరి, మీరే దొరికారు. ‘ఈ మనిషిని మినహాయించి ఇంకెవరికైనా ఉందా’ అని వెతకాలి.”

దీనికోసం ఎవరూ కొత్తగా తపస్సు చేయనక్కర్లేదట, వెబ్‌సైట్లు కట్టే పనిముట్లలోనే ఏర్పాటు ఉందట. 2004 నాటి రూబీ ఆన్ రైల్స్‌లో అయితే, ఒకరికున్నది ఇంకొకరికి ఉండకూడదన్న నియమం పెడితే చాలు, సవరణ వేళ ఆ మనిషి సొంత వరుసని అదే పక్కన పెట్టేస్తుంది. 2005లో వచ్చిన జాంగోలో ఫారం చేతికి పాత రికార్డు అందించాలి. అందించడం మరిచిపోతే ఎదుటివాణ్ని కొత్తవాడనుకుంటుంది. 2011 నాటి లారావెల్‌లో ‘ఇగ్నోర్’ అని రాసి, ఎవర్ని వదిలేయాలో వాళ్ల ఐడీ చెప్పాలి. ఆ ఐడీని కూడా ఫారం నింపినవాడు పంపిన దాన్నుంచి తీసుకోవద్దని అక్కడే హెచ్చరిక రాసిపెట్టారట. “మీవాళ్లు ఇగ్నోర్ వాడలేదు మావయ్యా,” అన్నాడు. ఎందుకు వాడలేదు, నా ఫిర్యాదుల మీద బ్రహ్మాండంగా వాడుతున్నారు.

ఇక పాస్‌వర్డ్. గడి ఖాళీగా ఉంది, కింద ‘పాస్‌వర్డ్ తప్పనిసరి’ అని ఉంది. నా పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉన్నప్పుడు మళ్లీ నన్నడగడమేమిటని మీరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఉంది కానీ, అదేమిటో వాళ్లకీ తెలియదట. మనమిచ్చిన మాటని బీక్రిప్ట్ లాంటి గిర్నీలో వేసి, వెనక్కి మళ్లించడానికి వీల్లేని పిండి చేసి దాస్తారు. 1999లోనే కనిపెట్టారు, మంచి పద్ధతి, నేను మెచ్చుకుంటాను. కాబట్టి సవరణ ఫారంలో ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది, రావాలి కూడా. అలాంటప్పుడు చేరే రోజున ఖాళీ అంటే తప్పు, సవరించే రోజున ఖాళీ అంటే ‘పాతదే ఉండనీ’ అని అర్థం చేసుకోవద్దూ? రైల్స్‌లో ‘ఆన్ క్రియేట్’ అని ఒక్క ముక్క తగిలిస్తే ఆ నియమం కొత్తవాళ్లకే వర్తిస్తుందట. కేక్‌పీహెచ్‌పీలోనూ అలాంటి ముక్కే ఉందట. మావాళ్లకి ముక్క దొరకలేదు.

పోనీ పాతదే కొట్టి పీడ వదిలించుకుందామంటే, ‘కొత్త పాస్‌వర్డ్ పాతదానిలా ఉండకూడదు’ అంది. ఫోన్ నంబరు మార్చుకోవడానికి పాస్‌వర్డ్ కూడా మార్చుకోవాలన్నమాట. అందులో ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, ఒక అంకె, కీబోర్డు మీద వెతికితే గాని దొరకని ఒక గుర్తు. పంతం వచ్చి ఏకంగా తెలుగులో సీసపద్యమే పాస్‌వర్డ్‌గా పెడతానన్నాను. మేనల్లుడు వారించాడు. బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుందట, తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తయినా ఒక్కోదానికి మూడు బైట్లు పోతాయట. వెరసి 24 గుర్తులు. సీసం మొదటి పాదం కూడా దాటదు.

ఫోటో సంగతి. చేరినప్పుడే ఇచ్చాను. అదే ఫోటో ఫారం పైభాగంలో గుండ్రంగా నన్ను చూసి నవ్వుతోంది. కింద ఎర్రగా ‘ఫోటో జతచేయలేదు’. ఇక్కడా కారణం ఉంది. ఫైలు పెట్టే గడిని ముందుగా నింపి చూపడానికి బ్రౌజర్ ఏ వెబ్‌సైటునీ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఎవడైనా మన కంప్యూటర్లో ఫైలు పేరు తనే రాసేసుకుని పట్టుకుపోగలడు. సబబే. ఆ గడి ఖాళీగా వస్తుందని ముందే తెలిసినప్పుడు, దాన్ని పట్టుకుని నిలదీయడం ఏం మర్యాద? చేసేదిలేక వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్లాను. నియమం ప్రకారం ఫోటో 20 కేబీకి తగ్గకూడదు, 50 కేబీకి మించకూడదు. ఆ కుర్రాడు నన్ను తెల్లగోడకి ఆనించి, “అంకుల్, కళ్లజోడు తీయండి, గడ్డం కొంచెం దించండి,” అని క్లిక్కుమనిపించి, నా మొహాన్ని 49 కేబీకి పిండాడు. చెవులు పోయాయి. “సైటు చెవులడగదంకుల్,” అన్నాడు.

ఫ్లాట్‌లో దిగే తేదీ దగ్గర వ్యవహారం తత్త్వశాస్త్రంలోకి దిగింది. నేను దిగింది 2009లో. ఫారం అదే చూపించి, ‘తేదీ నేటికంటే ముందు ఉండకూడదు’ అంది. కొత్తగా అద్దెకొచ్చేవాడు ‘నిన్ననే దిగాను’ అంటూ దొంగచాటుగా సామాను ఎక్కించకుండా పెట్టిన నియమమట. పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ 2009లో పాలు పొంగించినవాడు సవరణ కోసం వస్తే, అతని గతం మొత్తం నిబంధనలకి విరుద్ధమైపోతుంది కదా! అన్నేళ్లు కట్టిన మెయింటెనెన్స్, దాటిన లిఫ్టు రిపేర్లు, నీళ్ల ట్యాంకరు కోసం దిగిన మెట్లు, మీటింగుల్లో తిన్న చల్లారిన సమోసాలు, ఏవీ జరగలేదు. నేను రేపు దిగబోతున్నాను.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. పేరు దగ్గరికొచ్చేసరికి వంశగౌరవం అడ్డొచ్చింది. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరమైపోయి ఉంటుంది, దాని తర్వాత ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కతోనే నా పేరు చేర్చుకున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడో, ఎవరికో, పేరులో అక్షరాలు తప్ప ఇంకేవీ ఉండకూడదని బుద్ధి పుట్టింది. ఆ నియమం అప్పటికే లోపలున్న నామీద ఇన్నాళ్లూ పడలేదు. నేను నంబరు ముట్టుకోగానే, మొత్తం వరుసని మొదటి గడి నుంచి చివరి గడి దాకా కొత్త చట్టం కింద విచారించి, ‘పేరులో ప్రత్యేక చిహ్నాలు చెల్లవు’ అని తీర్పు చెప్పింది. పోనీ, చుక్క తీసేస్తాను, చుక్క లేకపోతే మా తాతలేమీ బాధపడరు. పేరు గడి మీద నొక్కాను. కదల్లేదు. మళ్లీ నొక్కాను. ‘పేరు మార్చే అధికారం సభ్యులకు లేదు.’ అంటే చుక్క ఉండకూడదు, చుక్క తీయకూడదు. ఇలాంటి షరతులు పెట్టే ఇదివరకు హిరణ్యకశిపుడు వరం పుచ్చుకున్నాడు. ఆయనకైనా చివరికి స్తంభం దొరికింది.

దాని కింద మా నాన్నగారి పేరు. అది బూడిదరంగులో, స్పష్టంగా, ఒత్తులు దీర్ఘాలతో సహా కనిపిస్తోంది. కిందనే ‘తండ్రి పేరు తప్పనిసరి’. ఏమిటీ అమర్యాద? “బూడిదరంగులో డిసేబుల్ చేసిన గడిని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు మావయ్యా. మీకు కనిపిస్తుంది, వాళ్లకి చేరదు. చేరలేదు కాబట్టి లేదనుకుంటారు,” అన్నాడు మేనల్లుడు. చదవనిచ్చి రాయనివ్వని ‘రీడ్ ఓన్లీ’ గడి వేరట, అది పంపుతుందట. ఇంత తేడా ఉందని తెలియకే మా నాన్నగారు తప్పిపోయారు.

ఇప్పుడు చెప్పండి, దేశాన్ని ఇలా నడిపారా? రాజ్యాంగాన్ని రాయడానికి రాజ్యాంగ సభ ఒక పద్ధతి పెట్టుకుంది, సవరించడానికి 368వ అధికరణంలో వేరే పద్ధతి రాసింది. పార్లమెంటు ఒక్కో సభలో మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు, కొన్ని అంశాలకి సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా. ఏ గడి ఎంత బరువైనదో చూసి ఆ గడికి తగ్గ నియమం. సవరణ ప్రతిపాదించిన ప్రతిసారీ రాజ్యాంగ సభని మళ్లీ పిలిపించి, పీఠిక దగ్గర్నుంచి మళ్లీ రాయించి, సభ్యులందరి ఫోటోలూ 50 కేబీకి కుదించి తెమ్మనలేదు. 1951 నుంచి ఇప్పటికి వందకి పైగా సవరణలు జరిగాయి. రాష్ట్రం పేరు మార్చడానికైతే మూడో అధికరణం కింద పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. 2011లో నాలుగు కోట్లమంది ఉన్న ఒరిస్సా చక్కగా ఒడిశా అయింది. నాది ఒక్క చుక్క.

ఎన్నికల సంఘాన్ని చూసైనా నేర్చుకోవచ్చు. కొత్త ఓటుకి ఫారం 6, తొలగింపుకి ఫారం 7, తప్పుల దిద్దుబాటుకీ చిరునామా మార్పుకీ ఫారం 8. ఒకప్పుడు వేరే నియోజకవర్గానికి మకాం మార్చినవాడు కూడా ఫారం 6 నింపి, కొత్త ఓటరులా వరసలో నిలబడాల్సి వచ్చేది. 2022 ఆగస్టు నుంచి ఫారం 6 కొత్తవాళ్లకే పరిమితం చేసి, మకాం మార్పుని ఫారం 8లోకి తెచ్చారు. ఇంత పెద్ద దేశానికి ఆ తేడా తెలిసిందంటే, ఎనభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి తెలియకూడదా? “లారావెల్‌లో కూడా చేర్చడానికి ఒకటి, సవరణకి ఒకటి, రెండు రిక్వెస్టులు విడిగా రాసుకోవడం ఆనవాయితీ,” అన్నాడు మావాడు. వెంటనే తన జాతిని వెనకేసుకొచ్చాడు: “కాకపోతే రెండుచోట్ల రాస్తే ఒకచోట మార్చి, రెండోచోట మరిచిపోతాం.” ఉమ్మడివి ఒకచోట రాసుకుని, తేడా ఉన్నవాటినే విడిగా పెట్టుకోవచ్చు కదరా అంటే, “చేయొచ్చు,” అన్నాడు. వాళ్ల ఊళ్లో ‘చేయొచ్చు’ అంటే చేయరని.

ఇంతకీ నా బాధ నియమాలు ఎక్కువయ్యాయని కాదు, అది గమనించండి. సవరణకి మాత్రమే కావలసిన నియమాలు వేరే ఉన్నాయి, చేరేటప్పుడు వాటి అవసరమే రాదు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మార్చుకోవచ్చు. కొత్తగా తీసుకునేవాడికి ఆ లెక్కతో పనే లేదు. పాన్ నంబరులో ఐదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. పెళ్లయి ఇంటిపేరు మారినా ఆ నంబరు మారదు, ఐదో అక్షరం పుట్టింటిదే. కొన్ని అలా మొదటిరోజున రాసి ఎన్నడూ ముట్టుకోకూడనివి. ఫోన్ నంబరు లాంటిది మార్చేటప్పుడు పాత పాస్‌వర్డ్ అడగాలి, కొత్త నంబరుకి ఓటీపీ పంపాలి, ‘ఇలా మారుస్తున్నారు, ఇది మీరేనా’ అని పాత నంబరుకి కబురు పెట్టాలి. మా యాప్ ఇవేవీ అడగలేదు. మా కుక్క జాతి అడిగింది, దానికి టీకా వేయించిన తేదీ అడిగింది, నేను నేనేనా అని మాత్రం ఒక్కచోటా అడగలేదు. మాకు కుక్క కూడా లేదు.

సవరణలోనే వచ్చే ఇంకో చిక్కు కూడా మావాడు చెప్పాడు. ఇంటి ఖాతా ఒకటే కాబట్టి, ఒక ఫోన్‌లో మా ఆవిడ స్కూటర్ నంబరు మారుస్తుండగా, ఇంకో ఫోన్‌లో నేను ఇంకేదో మారుస్తున్నాననుకోండి. ఇద్దరం పాత కాపీయే తెరిచి కూర్చున్నాం. ఆవిడ ముందు సేవ్ చేసింది, నేను తర్వాత చేశాను. నా ఫారంలో స్కూటర్ నంబరు ఇంకా పాతదే కాబట్టి, ఆవిడ మార్పు చప్పుడు కాకుండా చెరిగిపోతుంది. రైల్స్‌లో ‘లాక్ వెర్షన్’ అని ఒక గడి పెట్టుకుంటే దీన్ని పట్టుకుని ఆపుతుందట. మా దాంట్లో లేదని రూఢిగా చెప్పాడు. ఈ ఇంట్లో చివరి మాట నాదయ్యే అవకాశం ఆ ఒక్కచోటే ఉంది. అదీ ఫారం ఒప్పుకుంటే.

యాప్ వాళ్ల సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా విని, “సార్, అకౌంట్ డిలీట్ చేసి కొత్తగా రిజిస్టర్ అవ్వండి,” అంది. అలాగే చేశాను. వెంటనే కొత్త దరఖాస్తు తెరిచాను, చుక్క లేకుండా పేరు రాశాను, రేపటి తేదీ వేశాను, చెవుల్లేని ఫోటో పెట్టాను. ‘ఈ ఫ్లాట్ ఇప్పటికే నమోదైంది.’ మళ్లీ బెంగుళూరు. “డిలీట్ అంటే నిజంగా చెరపరు మావయ్యా. ఆ వరుస పక్కన తొలగించిన తేదీ రాసి, మీకు కనపడకుండా ఉంచుతారు. ఒక ఫ్లాట్‌కి ఒకే నమోదు అన్న నియమానికి మాత్రం అది కనపడుతూనే ఉంటుంది.” అంటే నేను పోయాను, కానీ వదిలిపోలేదు. గరుడపురాణంలో దీనికి ఏదో తరుణోపాయం ఉండే ఉంటుంది, సహాయ కేంద్రంలో లేదు. చివరికి సెక్రటరీగారు ఎవరినో పట్టుకుని నా ఖాతాని యథాతథంగా పునరుద్ధరించారు. ఆ నంబరుతో సహా.

విషయాన్ని జనరల్ బాడీ మీటింగులో లేవనెత్తాను. లిఫ్టు ఏఎంసీకీ, బోరు మోటారుకీ మధ్యలో నాకు సమయం ఇచ్చారు. నా ప్రసంగం అయ్యాక చూస్తే సగంమంది తలలూపుతున్నారు. వాళ్లలో ఒకరి ఖాతాలో కిందటి యజమాని ఫోటో ఉందట, ఇంకొకావిడ మూడో అంతస్తుకి మారినా గేటు దగ్గర ఒకటో అంతస్తులోనే కాపురముంటోందట. సెక్రటరీగారు లేచి అందరికీ అభయమిచ్చారు. వచ్చే నెల యాప్ కొత్త వెర్షన్ వస్తోందట. సవరణల్లో ఇబ్బందులున్నాయని మనమంతా మొత్తుకున్నాం కాబట్టి, అన్నీ శ్రద్ధగా దిద్దారట. ఇకమీదట పాత పాస్‌వర్డ్ ఇచ్చి, పాత నంబరుకొచ్చిన ఓటీపీ కొడితేనే ఫారం తెరుచుకుంటుందట.

“సవరణకేనా?” అని అడిగాను. కాదట, ఫారం ఒకటే కదా, కొత్తగా చేరేవాళ్లకి కూడానట.